మట్టి, రాయి, సున్నం: దక్షిణ ఆస్ట్రేలియాలో తొలి వలసదారుల ఇళ్ళ దారిలో

మంగళవారం – అడిలైడ్

అడిలైడ్ నగరపు ఉత్తర భాగంలో, సెయింట్ పీటర్స్ కెథెడ్రల్ అనే పెద్ద రాతి చర్చికి దగ్గరలో, పెన్నింగ్టన్ టెర్రస్ వీధిలో ఒక చిన్న చెక్క భవనం ఉంది. చర్చి శిఖరాలను ఫోటో తీసుకుని వెనుదిరిగేవాళ్ళలో చాలామంది దాన్ని గమనించకుండానే వెళ్ళిపోతారు. అది క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారి ప్రార్థనామందిరం. లండన్‌లో హెన్రీ మానింగ్ అనే వడ్రంగి కోసి, చెక్కి, విడిభాగాలుగా ఓడకెక్కించి పంపితే ఇక్కడ 1840లో నిలబెట్టారు. ఉద్యోగ జీవితమంతా రోడ్లు భవనాల శాఖలో గడిపినవాణ్ణి కాబట్టి, అడిలైడ్‌లో ఉంటున్న మా అమ్మాయి ఎక్కడికి వెళ్దామని అడిగినప్పుడు సముద్రతీరాలను పక్కనపెట్టి, ఈ సీమకు మొదట వచ్చినవాళ్ళు కట్టుకున్న చిన్న చిన్న ఇళ్ళన్నీ వరసగా చూపించమన్నాను. ఆ వరసలో మొదటిది ఇదే.

మానింగ్ ఇళ్ళ కథ 1830లో మొదలైంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని స్వాన్ నది ఒడ్డుకు వలస వెళ్తున్న కొడుకుకు, అక్కడ దిగగానే తలదాచుకునే చోటు ఉండాలని, విప్పి మళ్ళీ కూర్చుకోగలిగిన ఇంటిని ఆ తండ్రి తయారుచేసి ఇచ్చాడు. గాడులు తీసిన నిలువు కొయ్యలను అడుగు దూలానికి మరలతో బిగించి, అన్నీ ఒకే కొలతలో చేసిన పలకలను ఆ గాడుల్లోకి దించడం దాని పద్ధతి. ఏ ముక్కా మనుషులు చేతుల మీద మోయలేనంత బరువు ఉండదు. మేస్త్రీ లేని చోట, సున్నం కాల్చే బట్టీ లేని చోట, అసలు ఊరే లేని చోట ఇల్లు కావాలంటే ఎలా అన్న ప్రశ్నకు ఆ కాలంలో దొరికిన తెలివైన జవాబుల్లో ఇది ఒకటి.

అయితే అంత ఖర్చు పెట్టగలిగినవాళ్ళు కొద్దిమందే. 1836 డిసెంబరు 28న ఈ ప్రాంతాన్ని బ్రిటిష్ వలసరాజ్యంగా ప్రకటించాక, మొదటి ఏడాదుల్లో సామాన్యులు టారెన్స్ నది దగ్గర డేరాల్లోనూ, తమను తెచ్చిన బఫెలో ఓడ పేరు పెట్టుకున్న గుడిసెల వరసలోనూ కాపురం ఉన్నారు. అది ఖాళీగా పడి ఉన్న నేల కాదు, కౌర్నా అనే ఆదివాసీ జనం తరతరాలుగా తిరుగాడిన నేల. చెప్పుకోదగ్గ కలప దగ్గరలో దొరకకపోవడం, దొరికినదాన్ని చెదలు తినెయ్యడం వల్ల కొత్తగా వచ్చినవాళ్ళు త్వరలోనే రాతి వైపూ ఇటుక వైపూ మళ్ళారు. అందుకే ఈ నగరంలోని పాత వీధులు రాతి ఇళ్ళతో నిండి ఉంటాయి. వీధి వైపు గోడకు నీలిరాయి, మూలలకూ కిటికీల చుట్టూ ఇటుక, పక్క గోడలకు ఏ రాయి దొరికితే ఆ రాయి: డబ్బును ఎక్కడ కనిపించేలా ఖర్చు పెట్టాలో తెలిసినవాళ్ళు కట్టిన ఇళ్ళవి.

ఆ వీధుల్లో నడుస్తుంటే నన్ను ఆపింది గోడల అడుగుభాగం. నేల నుంచి మోకాలి ఎత్తు వరకూ రాయి పొరలు పొరలుగా రాలుతూ, ఇటుక పిండిపిండి అవుతూ ఉంది. నేలలోని ఉప్పు తేమతో కలిసి గోడలోకి ఎక్కి, ఆరిన చోట స్ఫటికాలై రాతిని లోపలి నుంచి పగలగొడుతుంది. మా కర్నూలు వైపు గోడకు చౌడు ఎక్కిందనడం చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఒక ఇంటి ముందు మరమ్మతు చేస్తున్న యువకుడితో మాట కలిపితే, దీన్ని ఆపుదామని కొన్ని దశాబ్దాల కింద సిమెంటు పూసినవాళ్ళే ఎక్కువ చేటు చేశారని అతను చెప్పాడు. సున్నపు గార తేమను బయటికి వదులుతుంది. సిమెంటు వదలదు కాబట్టి తేమ ఇంకాస్త పైకెక్కి అక్కడి రాతిని తింటుంది. అతను పాత సిమెంటును ఉలితో ఓపికగా తొలగించి, సందుల్లో సున్నం నింపుతున్నాడు. మన దగ్గర పాత గుళ్ళకూ కోటలకూ సిమెంటు మెత్తుతున్న ప్రతి చోటికీ ఆ యువకుణ్ణి తీసుకువెళ్ళి చూపించాలనిపించింది.

బుధవారం – హాన్‌డార్ఫ్

అడిలైడ్ కొండలెక్కితే అరగంటలో హాన్‌డార్ఫ్. జర్మన్ రాజ్యమైన ప్రష్యా రాజు మూడవ ఫ్రెడరిక్ విలియం తన రాజ్యంలోని ప్రొటెస్టెంటు చర్చిలన్నిటినీ ఒకే పద్ధతిలోకి తెచ్చినప్పుడు, ఒప్పుకోని లూథరన్ శాఖవారు ఊళ్ళకు ఊళ్ళు వదిలి బయలుదేరారు. జెబ్రా అనే ఓడలో వచ్చినవాళ్ళు 1838 డిసెంబరు చివర్లో పోర్ట్ అడిలైడ్ చేరారు. ఓడ కెప్టెన్ డిర్క్ హాన్ వాళ్ళను ఒడ్డున దింపి తన దారిన పోకుండా, కొండల్లో వాళ్ళకు సాగుభూమి దొరికేలా మధ్యవర్తిత్వం చేశాడు. అందుకే 1839లో వెలిసిన ఊరికి ఆయన పేరు పెట్టుకున్నారు. ఆ చోటు పెరమంక్ జనానిది; దాన్ని వాళ్ళు బుకార్టిల్లా అనేవాళ్ళు. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ పేరున్న 69 ఊళ్ళ పేర్లను చట్టం చేసి మార్చినప్పుడు హాన్‌డార్ఫ్‌ను ఆంబుల్‌సైడ్ చేశారు. పాత పేరు 1935లో తిరిగి వచ్చింది.

పెద్దవీధి యాత్రికులతో కిక్కిరిసి ఉంటుంది. సాసేజ్‌లు అమ్మే కొట్లు, గోడ గడియారాల కొట్లు దాటుకుంటూ, ఇళ్ళ పక్క గోడలు కనిపించే సందుల్లోకి వెళ్ళాలి. ముందువైపు తర్వాతి కాలంలో వసారా, గాజు కిటికీ పెట్టి దుకాణంగా మార్చిన ఇంటికి కూడా పక్కనుంచి చూస్తే అసలు ఎముకలు బయటపడతాయి. ఎర్రగమ్ అనే యూకలిప్టస్ చెట్ల దుంగలను గొడ్డలితో చెక్కి, నిలువు, అడ్డం, ఏటవాలు కొయ్యలను మేకులు లేకుండా చెక్క చీలలతో బిగించి పంజరంలా నిలబెట్టారు. ఆ పంజరపు గదులను నింపిన తీరు చూడటానికే నేను వచ్చాను. గడ్డిని మట్టి నీళ్ళలో తడిపి పుల్లకు చుడతారు. చుట్టిన పుల్ల నూలు నిండిన కదురులా ఉంటుంది. అలాంటి పుల్లలను కొయ్యల గాడుల్లో ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన మెత్తని బంకమట్టి పూసి, దాని మీద సున్నం వేస్తారు. ఒక ఇంటి వెనక గోడకు పూత రాలిన చోట ఆ గడ్డి పోచలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. తర్వాత ఇటుకలు చవకయ్యాక మట్టి తీసేసి ఇటుకలు పెట్టుకున్న ఇళ్ళు కూడా పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి, ఒక కుటుంబం ఎప్పుడు కుదురుకుందో గోడను చూసి ఊహించవచ్చు.

ఇంటి పైకప్పు బాగా ఏటవాలుగా ఉంటుంది. అది మంచు కురిసే దేశం నుంచి వచ్చిన అలవాటు. ఇక్కడ మంచు నిలవదు, అయినా ఆ ఏటవాలు వల్ల దొరికిన పెద్ద అటకలో ధాన్యం పోసుకున్నారు, పిల్లల్ని పడుకోబెట్టారు. కొన్ని ఇళ్ళలో వంటిల్లు మొత్తం ఒక పెద్ద పొగగొట్టం అడుగున ఉంటుంది. మసిబారి నల్లబడిన ఆ గదిలో కింద వంట జరుగుతుంటే పైన వేలాడదీసిన మాంసానికి పొగ పట్టేది. రొట్టె కాల్చే పొయ్యి ఇంటి గోడ నుంచి బయటికి పొడుచుకు వచ్చి ఉంటుంది. ఊరి శివార్లలోని పేక్‌టౌన్‌లో ఇలాంటి ఇళ్ళు ఒకే వరసలో నిలిచి ఉన్నాయి. అవి ప్రైవేటు ఇళ్ళు కనుక దారి మీద నుంచే చూసి రావాలి. ఎవరి పెరట్లోకీ తొంగిచూడకుండా నడిస్తే, తోటపని చేసుకుంటున్నవాళ్ళే తలెత్తి పలకరిస్తారు.

ఈ ఊరి ఆడవాళ్ళ గురించి ఇంకా ఎక్కువ రాయాల్సింది. కూరగాయలు, వెన్న, గుడ్లు బుట్టల్లో పెట్టుకుని, అర్ధరాత్రి బయలుదేరి, కొండదారిలో పాతిక కిలోమీటర్లకు పైగా నడిచి, తెల్లవారేసరికి అడిలైడ్ సంతకు చేరేవాళ్ళు. తిరిగి వచ్చేటప్పుడు చర్చి కట్టడానికి తలా రెండు ఇటుకలు మోసుకొచ్చేవాళ్ళని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ దారిని ఇప్పుడు నడకబాటగా కాపాడుతున్నారు. పలకల మీద మగవాళ్ళ పేర్లే ఎక్కువ కనిపించే వలస చరిత్రలో, ఇంటి గోడలకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో ఈ బాట చెబుతుంది.

మధ్యాహ్నం బేకరీలో బీనెన్‌స్టిచ్ అనే కేకు తిన్నాం. పులిసిన పిండితో చేసిన రొట్టె, మధ్యలో కస్టర్డ్, పైన తేనెలో వేయించిన బాదం పలుకులు. ఒక ముక్క దాదాపు ఎనిమిది డాలర్లు, అంటే మన లెక్కలో నాలుగు వందల రూపాయల పైమాటే. కాని ముక్క ఇద్దరికి సరిపోతుంది. మా ఆవిడకు తీపి తక్కువగా ఉందని నచ్చింది, నాకూ అందుకే నచ్చింది.

గురువారం – స్ప్రింగ్టన్, బెథనీ

పొద్దున బరోసా లోయ వైపు బయలుదేరాక కొండల్లో ఫోన్ సిగ్నల్ పోయింది. తారు రోడ్డు కంకర రోడ్డుగా, కంకర రోడ్డు మట్టి బాటగా మారి, చివరికి ఒక పొలం గేటు ముందు ఆగిపోయింది. గేటు మీద మూసి ఉంచమని బోర్డు ఉంది. వెనక్కి తిప్పుకోబోతుంటే గొర్రెల దగ్గర నుంచి ఒక పెద్దమనిషి పాత ట్రక్కులో వచ్చాడు. ఎక్కడికి, ఎందుకు అని అడిగాడు. పాత ఇళ్ళు చూడటానికని చెప్పగానే ముఖం వెలిగింది. గేటు తీసి, కాస్త లోపలికి తీసుకువెళ్ళి, తన పొలంలో కూలిపోతున్న ఒక గుడిసె చూపించాడు. ఈ ప్రాంతపు పైన్ చెట్ల సన్నని దుంగలను పక్కపక్కన నిలువుగా పాతి, మధ్య సందుల్లో గడ్డి కలిపిన మట్టి కూరారు. పైకప్పు చాలావరకు ఎప్పుడో పోయింది. వాన తగిలిన వైపు మట్టి కరిగి దుంగలు మాత్రమే మిగిలాయి, చూరు నీడ కాపాడినంత మేర గోడ నిలిచే ఉంది. దుంగలకు చెదలు పట్టలేదేమని అడిగితే, ఈ పైన్‌లోని జిగురు వాసన చెదలకు పడదని చెప్పాడు. దాన్ని పడగొట్టెయ్యమని చాలామంది సలహా ఇచ్చారట, కాని తన తాత దాన్ని పడగొట్టలేదు కాబట్టి తానూ పడగొట్టనన్నాడు. తిరిగి తారు రోడ్డు దాకా ముందు నడిచి దారి చూపించాడు. ఆ తర్వాత గమనించాను: ఈ పల్లె రోడ్ల మీద ఎదురొచ్చే ప్రతి డ్రైవరూ స్టీరింగు మీద నుంచి ఒక వేలెత్తి పలకరిస్తాడు. మధ్యాహ్నానికల్లా మా అల్లుడికీ అది అలవాటైంది.

స్ప్రింగ్టన్‌లో రోడ్డు పక్కనే హెర్బిగ్ చెట్టు ఉంది. కొన్ని వందల ఏళ్ళ వయసున్న ఎర్రగమ్ చెట్టు; దాని మొదలు తొర్రగా మారి గదంత ఖాళీ ఏర్పడింది. ప్రష్యాలోని సైలీషియా నుంచి 1855లో వచ్చిన ఫ్రెడరిక్ హెర్బిగ్, అద్దె కట్టే స్తోమత లేక, ఈ తొర్రలో కాపురం పెట్టాడు. 1858లో పెళ్ళి చేసుకుని భార్య కరోలిన్‌ను ఇక్కడికే తీసుకొచ్చాడు. వాళ్ళకు మొత్తం పదహారుమంది సంతానం. మొదటి ఇద్దరు పుట్టింది ఈ చెట్టు కాపురంలోనే. 1860లో దగ్గర్లో, మేము పొద్దున చూసినలాంటి పైన్ దుంగల, మట్టి గుడిసె కట్టుకుని మారారు. తొర్ర ముఖం పడమటి గాలివానకు ఎదురుగా లేదు, నిలబడి లోపలికి చూస్తే రెండు మంచాలు పట్టేంత చోటుంది. వెంటనే నాకొచ్చిన ఆలోచన వేరు: ఇలాంటి తొర్రల్లో వానకు తలదాచుకోవడం ఈ కొండల పెరమంక్ జనానికి ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. వచ్చినవాళ్ళు కట్టినవే కాదు, ముందున్నవాళ్ళ నుంచి అందుకున్నవి కూడా ఈ ఇళ్ళ చరిత్రలో చేరాలి.

బెథనీ బరోసాలో జర్మన్లు 1842లో వేసిన మొదటి ఊరు. వీధికి ఒక వైపున ఇల్లు, ఇంటి వెనకనుంచి వాగు దాకా సన్నగా సాగిన పొలం. అలా పక్కపక్కనే చీలికలుగా పంచుకున్నారు. ప్రతి ఇంటికీ వీధీ దక్కింది, నీళ్ళూ దక్కాయి. ఆ పంపకం ఇప్పటికీ కంచెల్లో కనిపిస్తుంది. ఊరు చాలా చిన్నది, నడిచి చూడటానికి గంట చాలు.

శుక్రవారం – మింటారో

ఉత్తరానికి పోయే దారంతా ఆవ జాతికి చెందిన కనోలా పైరు పసుపు పచ్చగా పూసి ఉంది. ఒక ఇంటి గేటు దగ్గర బల్ల మీద సంచుల్లో నారింజలు పెట్టి, పక్కన డబ్బా ఉంచారు. మనిషెవరూ లేరు. డబ్బాలో నాలుగు డాలర్లు వేసి ఒక సంచి తీసుకున్నాం.

మింటారో ఊరంతా రాతిపలకే. 1850ల నుంచి ఇక్కడి గనుల్లో తవ్వుతున్న పలకరాయి పెద్ద పెద్ద బిళ్ళలుగా, అద్దంలా సమంగా చీలుతుంది. ఇళ్ళ నేల, గడప, మెట్లు, కిటికీ చూరు, పొయ్యి అరుగు అన్నీ దానితోనే. బిలియర్డ్స్ బల్లల అడుగున వేసే పలకగా దీనికి దూరదేశాల్లో పేరుంది. బేతంచెర్ల నాపరాళ్ళ మధ్య పెరిగినవాణ్ణి కాబట్టి, ఒక పాత కాటేజీ ముందు వంగి ఆ గడప పలకను చేత్తో తడిమి చూశాను. మాది సున్నపురాయి, ఇది నల్లగా మెరిసే బురదరాయి నుంచి పుట్టింది. కాని పలకల అంచులను ఉలితో సరిచేసిన గాట్లు మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఈ ఊరు పుట్టడానికి కారణం రాగి. బర్రా గనుల నుంచి సముద్రం ఒడ్డున ఉన్న పోర్ట్ వేక్‌ఫీల్డ్‌కు ముడిరాగి మోసే బళ్ళకు ఇది మజిలీ. 1853 నుంచి కొన్నేళ్ళు దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన కంచరగాడిదల మీద, స్పానిష్ మాట్లాడే తోలేవాళ్ళతో ఆ రవాణా నడిచింది. ఆ మజిలీ రోజుల్లో కట్టిన చిన్న రాతి ఇళ్ళు ఇప్పుడు చాలావరకు బసలుగా మారాయి. మధ్యాహ్నం రెండు దాటాక ఊళ్ళో ఎక్కడా భోజనం దొరకలేదు. పల్లెల్లో వంటశాలలు కచ్చితమైన వేళకే మూసేస్తారు. నారింజలే ఆదుకున్నాయి.

శనివారం – బర్రా

రాత్రి పాక్స్టన్ స్క్వేర్‌లో దిగాం. ఇవి 1849 నుంచి 1852 వరకు గని కంపెనీ తన కార్మికుల కోసం కట్టించిన 33 ఇళ్ళు. ఒకదానికొకటి గోడలు కలుపుకుని మూడు వరసల్లో ఉంటాయి. కంపెనీ డైరెక్టర్లలో ఒకరైన విలియం పాక్స్టన్ పేరు పెట్టారు. ఇప్పుడు వాటిలో చాలావాటిని యాత్రికులకు అద్దెకిస్తున్నారు. తలుపు తీస్తే నేరుగా ముందుగదిలోకే వస్తాం. గోడ మూరకు పైగా మందం, కిటికీ చిన్నది, దాని లోపలి అరుగు మీద మనిషి కూర్చోవచ్చు. బయట చలి కోస్తున్నా, సాయంత్రం వెలిగించిన పొయ్యి వేడిని ఆ గోడలు తెల్లవారేదాకా దాచుకున్నాయి. ఇళ్ళు రెండు, మూడు, నాలుగు గదులవి. మా నలుగురికే ఇరుకనిపించిన చోట ఒకప్పుడు పెద్ద కుటుంబాలు సర్దుకున్నాయి.

కాని బర్రాను అర్థం చేసుకోవాలంటే ఈ ఇళ్ళకంటే ముందు వాగు గట్టుకు వెళ్ళాలి. 1845లో గొర్రెల కాపరులు ఇక్కడ రాగిని కనుగొన్నాక, ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి గని పనివాళ్ళు కుటుంబాలతో వచ్చిపడ్డారు. ఇళ్ళు లేవు, కలప లేదు. గనిలో మట్టి తొలవడం తెలిసినవాళ్ళు కాబట్టి బర్రా వాగు మెత్తని గట్టులోకి గదులు తొలుచుకుని, లోపల సున్నం కొట్టి, కాపురాలు పెట్టారు. 1851 జనాభా లెక్కల్లో ఊళ్ళోని 4,400 మందిలో దాదాపు 1,800 మంది ఈ గట్టు ఇళ్ళలోనే ఉన్నారు. గట్టు మీద నడిచేవాళ్ళ కాళ్ళ దగ్గరే కింది ఇళ్ళ పొగగొట్టాలు ఉండేవి. అద్దె లేదు, వేసవిలో చల్లన, శీతకాలంలో వెచ్చన. కంపెనీ రాతి ఇళ్ళు కట్టి రమ్మన్నా, అద్దె కట్టాల్సి వస్తుందని చాలామంది కదల్లేదు. రోగాలు పిల్లల్ని పొట్టన పెట్టుకున్నాయి. 1851లో వాగు పదేపదే పొంగి గట్టును కోసుకుపోయాక కాని ఆ బతుకు ముగియలేదు. అదే సమయంలో పక్కనున్న విక్టోరియాలో బంగారం దొరికిన వార్త వచ్చి, ఊళ్ళో మగవాళ్ళు సగానికి సగం అటు పరుగెత్తారు.

బ్లైత్ వీధిలో ఇప్పుడు మిగిలినవి రెండే. ఊళ్ళోని తాళం వేసిన పాత కట్టడాలన్నిటికీ ఒకే తాళంచెవి ఇచ్చే పద్ధతి బర్రాలో ఉంది. యాత్రికుల కార్యాలయంలో రుసుము కట్టి చెవి తీసుకుంటే, మనంతట మనమే తలుపులు తెరుచుకుని చూసి, మళ్ళీ తాళం వేసి రావచ్చు. కాపలా లేదు, వెంట ఎవరూ రారు. మా అమ్మాయి గట్టు ఇంటి తలుపు తెరిచినప్పుడు చల్లని మట్టి వాసన వచ్చింది. లోపలి గది నేను చేతులు చాపితే రెండు గోడలూ దాదాపు అందేంత. గోడలో గూడు తొలిచి అరగా వాడుకున్నారు, పొయ్యిని మట్టిలోనే చెక్కారు. వాస్తుశిల్పం అన్న మాటకు పెద్ద భవనాలే గుర్తొచ్చేవాళ్ళు ఇక్కడ పది నిమిషాలు నిలబడాలి. ఒక్క రాయి పేర్చకుండా, ఉన్నదాన్ని తీసివేయడం ద్వారా కట్టిన ఇల్లు ఇది. దీన్ని కట్టినవాళ్ళ పని కూడా పగలంతా అదే.

పాక్స్టన్ వరసలోనే ఉన్న మాలోవెన్ లోవార్త్ అనే కాటేజీని, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ గని పెద్ద కాపురంలా సర్ది ఉంచింది. అక్కడ స్వచ్ఛందంగా పనిచేసే ఒక వృద్ధురాలు మమ్మల్ని గది గదికీ తీసుకువెళ్ళారు. నేను గోడ సందులు పరీక్షించడం చూసి, "మీరు మేస్త్రీయా?" అని అడిగారు. ఇంజినీరునని చెబితే నవ్వి, "అయితే మాకంటే మీకే బాగా కనిపిస్తుంది" అంటూ వెనక గదిలో ఉప్పు ఎక్కిన మూలను చూపించారు. బరువైన ఇనుప ఇస్త్రీపెట్టె, మంచం కింది పెట్టె, బైబిలు, పింగాణీ కప్పులు, అన్నీ చక్కగా ఉన్నాయి. ఎంతో శ్రద్ధగా సర్దిన ఇల్లే అయినా, గట్టు ఇల్లు చూసి ఇక్కడికి వచ్చినవాళ్ళకు ఇందులోని శుభ్రత కొంచెం ఎక్కువే అనిపిస్తుంది. ఒక పెద్ద గుడ్డల బుట్ట, తడి బూట్లు, ఆరేసిన గని దుస్తులు అక్కడ ఉండాల్సింది. ఆ మాట ఆమెతో అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. తమ బృందంలో ఆ చర్చ ఎప్పటినుంచో నడుస్తోందని చెప్పారు. ఇది నజూరి జనపు నేల అని ఆమే ముందుగా ప్రస్తావించారు. గొర్రెల మందలూ గనీ వచ్చిన కొద్ది కాలానికే వాళ్ళు రోగాలకూ తరిమివేతకూ గురై చెల్లాచెదరైన సంగతిని దాచకుండా చెప్పారు.

గని 1877లో మూతపడింది. పెద్ద పరిశ్రమ వెళ్ళిపోయిన ఊళ్ళో పాతవాటిని పడగొట్టి కొత్తవి కట్టే డబ్బు లేకపోయింది. బర్రా ఇంత చెక్కుచెదరకుండా మిగలడానికి ముఖ్యకారణం అదే. 2017లో బర్రా, మూంటాలలోని కార్నిష్ గని స్థలాలను ఆస్ట్రేలియా జాతీయ వారసత్వ జాబితాలో చేర్చారు.

రాత్రి పబ్బులో భోజనం. బల్ల దగ్గర కూర్చుంటే ఎవరూ రారు, లేచి వెళ్ళి కౌంటర్లో చెప్పి డబ్బు కట్టి రావాలి. నలుగురికీ వంద డాలర్లు దాటింది. శాకాహారం అడిగితే గుమ్మడికాయ కూర, అన్నం పెట్టారు. ఉప్పూ కారమూ మా ఆవిడ తెచ్చుకున్న కందిపొడితో సరిచేసుకున్నాం.

ఆదివారం – గోయ్డర్ గీత, మూంటా

పొద్దున్నే బర్రాకు ఈశాన్యంగా కొంత దూరం వెళ్ళి వచ్చాం. పచ్చదనం పలచబడి, గోధుమ పొలాలు ఆగిపోయి, బూడిదరంగు ఉప్పుపొదలు మొదలయ్యే చోట పైకప్పు లేని రాతి ఇళ్ళు ఒంటరిగా నిలిచి ఉంటాయి. 1865లో సర్వేయర్ జనరల్ జార్జ్ గోయ్డర్ గుర్రం మీద ఈ సీమంతా తిరిగి, ఏ మొక్కలు ఎక్కడ పెరుగుతున్నాయో చూసి, ఏడాదికి సుమారు 250 మిల్లీమీటర్ల వాన నమ్మకంగా పడే మేర ఒక గీత గీశాడు. దానికి ఉత్తరాన సేద్యం వద్దన్నాడు. తర్వాత కొన్నేళ్ళు వానలు బాగా పడటంతో ఆయన మాట ఎవరికీ రుచించలేదు. 1874లో ప్రభుత్వం ఆ భూములను సేద్యానికి తెరిచింది. 1880ల కరువులు ఆ కుటుంబాలను ఇళ్ళతో సహా పొలాలను వదిలిపెట్టేలా చేశాయి. అనంతపురం జిల్లాలో పనిచేసిన రోజుల్లో తాళం వేసిన ఇళ్ళ ఊళ్ళు చూశాను కనుక, ఈ రాతి గోడల ముందు నాకు మాట రాలేదు. పనితనం గొప్పది. మూలరాళ్ళు నూలు పట్టినట్టు నిటారుగా ఉన్నాయి, పొయ్యి మీది కమాను ఒక్క రాయీ జారలేదు. మేస్త్రీ ఎక్కడా తప్పు చేయలేదు. ఇల్లు అక్కడ కట్టమని చెప్పిన లెక్కలోనే తప్పుంది.

అక్కణ్ణుంచి పడమరగా రెండు గంటలకు పైగా ప్రయాణించి యార్క్ ద్వీపకల్పంలోని మూంటా చేరాం. నరంగ జనపు నేల ఇది. 1861లో ప్యాట్రిక్ రయన్ అనే గొర్రెల కాపరి ఇక్కడ రాగిని కనుగొన్నాడు. ఇక్కడి గని కంపెనీ పది లక్షల పౌండ్లకు పైగా లాభాలు పంచింది; ఆస్ట్రేలియాలో ఆ మొత్తాన్ని దాటిన మొదటి గని కంపెనీ ఇదే. కాని పనివాళ్ళ ఇళ్ళు కంపెనీ కట్టలేదు. గని కౌలు భూమిలోనే ఎవరికి వారు కట్టుకున్నారు. ఇల్లు వాళ్ళదే, కింద నేల మాత్రం వాళ్ళది కాదు. అలాంటి నేల మీద ఎంత ఖర్చు పెట్టాలో ప్రతి కుటుంబమూ లెక్క వేసుకునే ఉంటుంది. అందుకే ఇక్కడి కాటేజీల్లో బర్రా రాతి నిబ్బరం లేదు. కాలి కింద దొరికే సున్నపురాయి ముక్కలు, మట్టి, మల్లీ అనే పొట్టి యూకలిప్టస్ చెట్ల కొమ్మలు కలిపి లేపిన పొట్టి గోడలు, వాటి మీద ఏటేటా పొరలు పొరలుగా వేసిన వెల్ల. గది అవసరమైనప్పుడల్లా వెనక ఒక ఏకవాలు కప్పు దించుకున్నారు.

1870 ప్రాంతంలో కట్టిన అలాంటి ఒక కాటేజీని నేషనల్ ట్రస్ట్ కాపాడుతోంది. వారంలో కొన్ని మధ్యాహ్నాలే తెరుస్తారు, వెళ్ళేవాళ్ళు వేళలు కనుక్కుని వెళ్ళాలి. తలుపు దగ్గర తల వంచాలి. పైకప్పు రేకుల నుంచి వాన నీళ్ళు నేలలోని తొట్టిలోకి పోయే ఏర్పాటు నన్ను అన్నిటికంటే ఆకట్టుకుంది. మూంటాలో తాగునీరు గగనం. వాన నీళ్ళ తొట్టి కలుషితమైనప్పుడల్లా టైఫాయిడ్ వచ్చి పిల్లల్ని తీసుకుపోయింది. ఊరి శ్మశానంలో పేరు లేని చిన్న సమాధులు ఎన్నో ఉన్నాయి. ఇంటి పనితనం మెచ్చుకునేటప్పుడు ఆ తొట్టి కూడా ఇంట్లో భాగమే.

ఊరి బేకరీలో పాస్టీ తిన్నాం. మైదా పిండి పొరలో మాంసం, బంగాళాదుంప, ఉల్లి, టర్నిప్ లాంటి స్వీడ్ దుంప పెట్టి, అంచు మెలిపెట్టి కాలుస్తారు. కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని పనివాళ్ళ మధ్యాహ్న భోజనం అదే. గొడ్డుమాంసం వద్దంటే కూరగాయల పాస్టీ ఇచ్చారు. ఒక్కోటి తొమ్మిది డాలర్లు. మిరియాలు బాగా తగిలి, నాలుగు రోజుల ప్రయాణం తర్వాత మా ఆవిడ కందిపొడి తియ్యకుండా తిన్న మొదటి భోజనమైంది. సాయంత్రం నాలుగు కాకముందే బేకరీలు మూసేస్తారు, ఆలస్యం చేయకూడదు.

ఆస్ట్రేలియాలో పిల్లల దగ్గరికి వెళ్ళే మన పెద్దవాళ్ళలో ఇళ్ళ మీద ఇష్టమున్నవాళ్ళు ఒక్క ఊరే చూడగలిగితే బర్రాకే వెళ్ళమంటాను. అడిలైడ్ నుంచి 160 కిలోమీటర్లు, రాత్రి అక్కడే ఉండాలి. చీకటి పడ్డాక కంగారూలు రోడ్డు మీదికి వస్తాయి కాబట్టి తిరుగు ప్రయాణం పగలే పెట్టుకోవాలి. గట్టు ఇళ్ళు ముందు చూసి, ఆ తర్వాతే పాక్స్టన్ స్క్వేర్‌కు రండి. టార్చిలైటు తీసుకెళ్ళండి, లోపలి గోడల మీద వెల్ల పొరలు లెక్కపెట్టడానికి అది కావాలి.